హీరోగారి మోకాలు

ఆఫీసులో ఆవిడని అందరూ వర్గాలక్క అనేవారు. ఆవిడ రాసే ప్రతి సినిమా వార్తా "సన్నిహిత వర్గాల సమాచారం ప్రకారం" అని మొదలయ్యేది, అందుకని. తొమ్మిదేళ్లుగా ఆ వెబ్‌సైటులో రోజుకి పన్నెండు వార్తలు రాస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క తారనైనా దగ్గర్నించి చూసిన పాపాన పోలేదు. ఒకసారి ఎవరో కమెడియన్ తమ ఆఫీసు లిఫ్టెక్కాడన్నారు గానీ, ఆ రోజు ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

మరి వార్తలెక్కడివీ అంటే, సగం పక్క సైట్లవి. అవి అటు తిప్పీ ఇటు తిప్పీ రాసేది. తక్కినవి ఇంట్లోవి. మొగుడికి జుట్టు రాలుతుంటే వార్తలో ఓ పాప్ సింగర్‌కి విగ్గు పెట్టింది. ఆడపడుచు తన తోడికోడలితో మాటలు మానేసిన వారం, ఇద్దరు హీరోయిన్లు ఒకే సెట్లో కాలుపెట్టమని భీష్మించుక్కూచున్నారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని అందరూ మాటవరసకంటారు. వర్గాలక్కకి మాత్రం నెల జీతం వచ్చేది ఆ పనికే.

ఈ వార్తల్ని అందరికన్నా ముందు నమ్మే మనిషి ఆవిడ అత్తగారు. కోడలు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోను పట్టుకుని ఎదురొచ్చేది.

"ఆ పాటలబ్బాయిది విగ్గటమ్మాయ్. నీకు తెలుసా?"

"అలాగా అత్తయ్యా?"

"పేరుకి అక్కడే పనిచేస్తావు. నీకొక్క ముక్కా తెలీదు. అన్నీ నేనే చెప్పాలి."

వర్గాలక్క నవ్వుకునేది కాదు. మొదట్లో నవ్వొచ్చేది, తరవాత్తరవాత అలవాటైపోయింది.

ఓ సోమవారం పదకొండు వార్తలయ్యాయి, పన్నెండోది రావడం లేదు. ఆవిడకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడైన ఎడిటరు కుర్చీ వెనక నించుని, "అక్కా, శుక్రవారం పెద్ద హీరో సినిమా విడుదల. ఆయన మీద ఒకటి పడితే బాగుంటుంది" అన్నాడు. ఆ సినిమాలో హీరో పరుగెత్తే రైలు మీంచి హెలికాప్టర్లోకి దూకుతాడని ఊరంతా పోస్టర్లున్నాయి. దూకడం అనగానే వర్గాలక్కకి పొద్దున అత్తగారు మెట్లు దిగిన తీరు గుర్తొచ్చింది. వాళ్లుండేది మూడో అంతస్తు. లిఫ్టు పాడై నెలయింది. అత్తగారు రెండు చేతుల్తో కమ్మీ పట్టుకుని, ఎండ్రకాయలా పక్కకి తిరిగి, మెట్టుమెట్టుకీ "అమ్మా" అంటూ దిగింది.

వర్గాలక్క వేళ్లు వాటంతటవే కదిలాయి. "సన్నిహిత వర్గాల సమాచారం ప్రకారం హీరోగారు కొంతకాలంగా ఎడమ మోకాలి నొప్పితో బాధపడుతున్నారు. మెట్లు పక్కకి తిరిగి దిగుతున్నారట." అయిదు నిమిషాల్లో పని ముగించి టీకి వెళ్లిపోయింది.

భోజనాల వేళకి ఆ వార్త ఊరూవాడా పాకింది. సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది.

"పాపం చూశావూ, అచ్చం నాలాగే. అదీ ఎడమదే. అంత గొప్పవాడికే తప్పలేదు, మనమెంత?" అంది. ఆ పూట ఆవిడ నొప్పి సగానికి సగం తగ్గింది.

మూడోనాడు వర్గాలక్క కోసం ఎవరో వచ్చారని కింద నించి కబురొచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉన్నాడు. అరచేతులు మాత్రం చేటలంత. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసిందే అయినా తైలం వాసన వదల్లేదు.

"మోకాలి వార్త రాసింది మీరేనామ్మా?" అనడిగాడు.

"ఏం, ఎవరు మీరు?"

"పదకొండేళ్లుగా ఆ మోకాలికి మర్దనా చేస్తున్నవాణ్ణి. నిన్న మాన్పించేశారు." అతను గొంతు తగ్గించాడు. "ఆయన మెట్లు అలాగే దిగుతారమ్మా, పక్కకి తిరిగి. ఈ సంగతి ముగ్గురికే తెలుసు. ఆయనకీ, వాళ్లావిడకీ, నాకూ. వాళ్లావిణ్ణి మాన్పించలేరు కదా."

వర్గాలక్క తొమ్మిదేళ్లలో రాసిన మొదటి నిజం అది. అదీ పొరపాటున.

"మీకెవరు చెప్పారో ఆ పేరు నాకొద్దు. నేను చెప్పలేదని మాత్రం వాళ్లతో ఒక్క మాట అనండి, చాలు" అన్నాడు మర్దనాయన.

ఆవిడ బ్యాగు తెచ్చుకుని, "పదండి" అంది.

హీరోగారి మేనేజరు గదిలో నాలుగు గోడల మీదా హీరోగారే. అన్ని ఫోటోల్లోనూ గాల్లోనే ఉన్నాడు. కాలు నేల మీదున్న ఫోటో ఒక్కటి లేదు. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టాడు. వర్గాలక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అది మా అత్తగారి మోకాలండీ. ఈయనెవరో నాకు ఇవాళ్టిదాకా తెలీదు. అసలు నాకెవరూ తెలీదు. నేను రాసేవన్నీ నేను కల్పించినవే."

మేనేజరు నెమ్మదిగా తల ఊపాడు.

"మెచ్చుకోవాలండీ మిమ్మల్ని. సమాచారం ఇచ్చినవాణ్ణి కాపాడ్డానికి సొంత అత్తగారిని కూడా లాగారు. మీలాంటి నిజమైన విలేకరులు ఇప్పుడెక్కడున్నారు?"

"కాపాడ్డం కాదండీ, నిజంగానే..."

"నాకర్థమైంది. మీరింకేం చెప్పక్కర్లేదు" అని లేచి తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మర్దనాయనకేసి మాత్రం చూడలేదు.

తొమ్మిదేళ్లలో తనని విలేకరి అన్నవాడు ఆ మేనేజరొక్కడే. వర్గాలక్క ఆఫీసుకొచ్చి, ఎడిటర్ని ఒప్పించి, ఒక సవరణ రాసింది. "హీరోగారి మోకాలి గురించి మేము రాసింది కల్పన. ఆ వార్త రాసినావిడ తన అత్తగారి మోకాలిని చూసి రాశారు. ఇందులో ఎవరి ప్రమేయమూ లేదు." రాశాక ఓసారి చదువుకుంది. "సన్నిహిత వర్గాలు" లేకుండా ఆ పేజీ బోసిగా కనిపించింది.

గంటలో కింద వందల కామెంట్లు పడ్డాయి. ఎంత బెదిరించారో పాపం అని ఒకడు. అత్తగారట, చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఇంకొకడు. ఇంతకుముందు వార్తని నమ్మనివాళ్లు కూడా సవరణ చదివాక నమ్మేశారు.

ఇంటికెళితే అత్తగారూ అదే పాట.

"మీ ఆఫీసులో ఎవరమ్మాయ్ ఆ పిల్ల? అత్తగారి మోకాలని రాయించారు చూడు దానిచేత. ఏ అత్తగారు ఊరుకుంటుంది?"

"నేనే అత్తయ్యా. ఆ మోకాలు మీదే."

అత్తగారు కళ్లజోడు పైకి తోసి కోడలి మొహం పరీక్షగా చూసింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్ను కూడా బెదిరించారా తల్లీ?" అంది.

ఆ తరవాత రెండు రోజులు కోడల్ని వంటింట్లోకి రానివ్వలేదు. మంచినీళ్లు కూడా చేతికందించింది.

శుక్రవారం సినిమా విడుదలైంది. శనివారం హీరోగారు విలేకర్లని పిలిచి, రైలు మీంచి దూకే సన్నివేశం డూపు లేకుండా చేసి మోకాలు పోగొట్టుకున్నానని చెప్పాడు. అభిమానులు గుండెలు బాదుకుని, సినిమా రెండోసారి చూశారు. మోకాలి వల్ల అందరూ బాగుపడ్డారు, మర్దనాయన తప్ప. అతన్ని మళ్లీ పిలవలేదు. లోపలి సంగతులు బయటపెట్టేవాడని పేరు పడింది కాబట్టి ఇంకెవరూ గడప తొక్కనివ్వలేదు.

వర్గాలక్క ఫోన్ చేస్తే, "మీరేం బాధపడకండమ్మా. నిజం చెప్పారు, అదే పదివేలు" అన్నాడతను.

ఆ మాట ఆవిడకి ముల్లులా దిగింది. నిజం చెప్పడం వల్ల అతనికి ఒరిగిందేమిటో ఆవిడ కళ్లారా చూసింది. మర్నాడు పొద్దున్నే ఆఫీసుకొచ్చి, టీ కూడా తాగకుండా మొదటి వార్త రాసింది.

"సన్నిహిత వర్గాల సమాచారం ప్రకారం, పెద్ద హీరోకి పదకొండేళ్లు మర్దనా చేసిన నిపుణుడి కోసం ముగ్గురు అగ్రనటులు పోటీపడుతున్నారు. ఎన్ని విధాల అడిగినా పాత యజమాని గురించి ఆయన పెదవి విప్పలేదట. ఆ చేతి చలవ వల్లే హీరోగారు ఇన్నాళ్లూ గాల్లో ఎగిరారని వినికిడి."

చివరి వాక్యం రాయకుండా ఉండాల్సింది గానీ, చెయ్యాగలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరు హీరోల మనుషులు మర్దనాయన్ని వెతుక్కుంటూ వచ్చారు. సాయంత్రానికి మూడోవాడు కారు పంపాడు, మిగతా ఇద్దరికీ దక్కనివ్వకూడదని. వారం తిరక్కుండా పెద్ద హీరో మేనేజరే స్వయంగా ఫోన్ చేసి రమ్మంటే, ఖాళీ లేదండీ అన్నాడట మర్దనాయన.

ఆదివారం పొద్దున అతను తైలం సీసాతో వర్గాలక్క ఇంటికొచ్చాడు. అత్తగారి మోకాలు చూస్తానన్నాడు. అత్తగారు సంబరంగా సోఫాలో కూచుని కాలు చాపింది. అతను తైలం రాస్తుంటే మొదలుపెట్టింది.

"ఆయన ఇంట్లో లిఫ్టుందా?"

"ఏమోనమ్మా."

"వాళ్లావిడతో గొడవలట కదా?"

"కాలు వదులుగా పెట్టండమ్మా."

"పోనీ ఏ మోకాలో అదైనా చెప్పు. ఎడమదేగా?"

"ఇక్కడ నొక్కితే నొప్పుందామ్మా?"

ముప్పావుగంట మర్దనా చేసి అతను వెళ్లిపోయాడు. అత్తగారు లేచి, గదిలో ఆ చివరి నించి ఈ చివరికి నడిచి చూసుకుంది. నొప్పి లేదు. అయినా మొహం చిన్నబుచ్చుకుంది.

"చెయ్యి మంచిదే" అంది కోడలితో. "కానీ పదకొండేళ్లు ఆ ఇంట్లో తిరిగి ఒక్క సంగతీ తెలుసుకోలేదే అమ్మాయ్. ఆయన గురించి వీడికన్నా నాకే ఎక్కువ తెలుసు."

"అవునత్తయ్యా" అంది వర్గాలక్క.