రత్తమ్మ వీపు మీది ఉడుము

వీధిలో నీళ్ల ట్యాంకరు వెనక్కి వచ్చే కూత వినపడగానే రత్తమ్మ లేచేది. ముందు ఉడుము కాళ్లు కడిగేది, ఆ తర్వాతే తన మొహం. వీపును కరుచుకుని ఉన్నదాని కాళ్లు కడగడం చూసేవాళ్లకు కష్టమనిపిస్తుంది గాని, ఆమెకు చెయ్యి తిరిగిపోయింది. తడిగుడ్డను భుజం మీదుగా వెనక్కి పంపి ముందుకాళ్లు తుడిచేది. నడుం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి వెనకకాళ్లు తుడిచేది. గోళ్ల సందుల్లో మట్టి ఉందేమోనని పాత బ్రష్షుతో మళ్లీ ఒకసారి రుద్దేది. వంటింట్లోకి వచ్చేముందు దాని కాళ్లు శుభ్రంగా ఉండాలని ఇంటి యజమానురాలు సల్మా మేడం తొలిరోజే చెప్పింది. చెప్పకపోయినా రత్తమ్మ కడిగేదే. ఏ పనైనా రెండుసార్లు చూసుకోకపోతే ఆమెకు రోజు గడిచేది కాదు.

ఆ తర్వాత ఊరికి ఫోను.

"లోహితా, గ్యాసు కట్టేసినావా?"

"కట్టేసినా మా."

"సిలిండరు కాడ?"

"ఆడ కూడా కట్టేసినా."

"మళ్లీ ఒకసారి చూసి రాపో. లైన్లోనే ఉంటా."

లోహిత నిలబడ్డ చోటే నాలుగడుగులు తొక్కి "చూసినా" అనేది. ఆ అడుగులు వంటింటి గచ్చు మీదివి కావని సౌదీలో తబూకు పట్నంలో ఉన్న రత్తమ్మకు తెలిసిపోయేది. కోప్పడితే ఫోను పెట్టేస్తుందేమోనని ఊరుకునేది.

"తమ్ముడేడి?"

"ఉండాడు. మాట్లాడడంట."

నందు మాట్లాడడు. ఫోను తెర మీద వాడి చెవి, సగం భుజం కనిపించేవి. వాటినే చూసుకుని రత్తమ్మ పనిలో పడేది.

రెండేళ్ల కిందట బయల్దేరిన రోజు ఆమె నందును నిద్ర లేపలేదు. రైల్వేకోడూరు చుట్టుపక్కల పల్లెల్లో కువైటుకో సౌదీకో పోయే తల్లులు చాలామంది అంతే చేస్తారు. లేపితే కొంగు పట్టుకుంటారు, ఏడుస్తారు, గడప దాటడానికి కాళ్లు ఆడవు. అందుకని ఆరేళ్ల పిల్లవాడు నిద్రలో ఉండగానే వాడి చేతికింద నుంచి కొంగు మెల్లగా లాక్కుని బయటికి వచ్చేసింది. వీధి మలుపులో ఆటో ఎక్కబోతుంటే రాతికట్ట మీద నుంచి ఉడుమొకటి జారి ఆమె వీపును పట్టుకుంది.

"జరిగి కూర్చోమా, దాని తోక బయటికి ఉండాది" అన్నాడు ఆటో అతను.

చెన్నై విమానాశ్రయంలో సామాను తూచే అమ్మాయి, అది చేతిసంచీ లెక్కలోకే వస్తుందని చెప్పి పంపింది. తబూకులో సల్మా మేడం తలుపు తీసి, ఇద్దరినీ ఒకసారి చూసి, "ఇదేం తింటుంది?" అని అడిగింది. "గుడ్లు" అని డ్రైవరు జానీ అరబ్బీలో చెప్పాడు. ఆ నెల నుంచి సరుకుల్లో ఇంకో అట్ట గుడ్లు చేరాయి. గోళ్లకు నైటీలు చిరిగిపోతున్నాయని రత్తమ్మ టెంటు గుడ్డతో మందపాటి చొక్కా ఒకటి కుట్టుకుంది. బోర్లా పడుకోవడం నేర్చుకుంది. ఆమెను చూసి సల్మా చిన్నారి కూతురు అనమ్ కూడా బోర్లానే పడుకునేది.

నందు మాత్రం ఆ రోజు నుంచి రాత్రి పడుకునేముందు తన మణికట్టును అక్క చున్నీ కొసకు ముడేసుకుంటున్నాడు. అక్క కూడా చెప్పకుండా పోతుందని వాడి భయం. ఇప్పుడు లోహితకు పదో తరగతి అయిపోయింది. తిరుపతిలో హాస్టలున్న కాలేజీలో సీటొచ్చింది. జూన్‌లో చేరాలి. తండ్రి ఓబులయ్య బొప్పాయి మండీలో లారీలకు కాయలెత్తుతాడు. ఆ పని రాత్రిళ్లే. జూన్ వచ్చేలోగా రత్తమ్మ ఇంటికి చేరకపోతే నందు ఒక్కడే ఇంట్లో పడుకోవాలి. ముడి దేనికి వేసుకుంటాడు? గిన్నెలు తోముతున్నా, కార్పెట్లు దులుపుతున్నా రత్తమ్మ తలలో ఇదే తిరిగేది. తోమిన గిన్నెనే మళ్లీ తోమేది.

ఒప్పందం గడువు ముగిసింది. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ వీసా అడుగుదామని ఆమె మాటలు కూడబెట్టుకుంటుండగా సల్మానే పిలిచింది.

"రత్తమ్మా, నాకు ఉద్యోగం వచ్చింది! హఖల్ ఆసుపత్రిలో, ల్యాబ్‌లో. చదువయ్యాక ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలియదు. వారమంతా అక్కడుంటాను, గురువారం సాయంత్రానికి వచ్చేస్తాను. అనమ్ నీ దగ్గర బాగా ఉంటుంది. ఒక్క సంవత్సరం ఉండు."

సల్మా మొహంలో అంత సంతోషం రత్తమ్మ ఎప్పుడూ చూడలేదు. "మేడం, నా కొడుకు..." అంది.

"తెలుసు. ఒక్క సంవత్సరమే. నాకు ఇక్కడికి బదిలీ కాగానే పంపించేస్తాను."

పెరట్లో కారు తుడుస్తున్న జానీతో రత్తమ్మ ఈ సంగతి చెప్పింది. జానీది రాయచోటి. నోరు ఊరుకోదు.

"మొగుడికి బాగలేదని చెప్పుక్కా. ఆపరేషన్ అను. ఏడువు. నేను పక్కనుండి ఇంకో రెండు ముక్కలు కలుపుతా."

"ఆయన గుండ్రాయి మాదిరి ఉండాడు. ఆ మాటంటే నిజంగానే ఏదన్నా అయితే?"

"నీ యవ్వారం ఇట్లనే ఉంటాది. అబద్ధం చెప్పవు, కొట్లాడవు. నీ వీపు మీద ఆయమ్మ మాదిరే నువ్వూ. ఊరికే పట్టుకోని వేలాడేది!"

ఉడుము కళ్లు తెరవలేదు.

ఆ శుక్రవారం సల్మా భర్త అబ్దుల్ ఘనీ స్నేహితులిద్దరితో ఎడారికి వెళ్లి, కూరగాయల ట్రేలో వల కప్పి ఒక జంతువును తెచ్చాడు. ఎడారి ఉడుము. అక్కడివాళ్లు వరల్ అంటారు. ఇసుక రంగు ఒళ్లు, కొరడాలా సన్నగా సాగిన తోక.

"రత్తమ్మను పిలువు" అన్నాడు జానీతో. "మీ ఉడుము గొప్పదా, మా వరల్ గొప్పదా? ఈ రోజు తేలిపోవాలి."

వల తీశారు. వరల్ నాలుగు కాళ్ల మీద లేచి నిలబడింది. గాలి పీల్చి ఒళ్లంతా ఉబ్బించింది. గొంతు సంచీలా దిగింది. కుక్కరు కూతకొచ్చే ముందు మాదిరి బుసకొట్టింది. అబ్దుల్ ఘనీ కర్ర చాపితే కొరికి పట్టి తల విదిలించింది. కర్ర మీద పళ్ల గాట్లు పడ్డాయి. జానీ ధైర్యం చేసి వెనకనుంచి వెళ్లబోయాడు. తోక ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. జానీ మోకాటి కింద ఎర్రటి చార తేలింది.

"వాయమ్మో! దీని తోక తెగ!"

అందరూ నవ్వుతుండగానే అది పక్కకు దూకి, పెరడంతా ఒక్క ఊపులో దాటి, గేటు కింది సందులోంచి వీధిలోకి పోయింది.

"చూశారా?" అన్నాడు అబ్దుల్ ఘనీ గర్వంగా, పట్టుకున్నది పారిపోయిందన్న బాధ లేకుండా. "ఇప్పుడు మీదాని వంతు."

కర్రతో తట్టారు. ఉడుము కదల్లేదు. బుస లేదు, తోక విసరడం లేదు. స్నేహితుడొకడు తోక పట్టుకుని లాగాడు. అప్పుడది పొట్టను రత్తమ్మ వీపుకు అదిమి, మెల్లగా గాలి నింపుకుంది. గోళ్లు బిగిశాయి. ఇంకా లాగితే రత్తమ్మే వెనక్కి నడిచింది. ఇద్దరు లాగితే ఆమె కిటికీ ఊచలు పట్టుకుంది. ముగ్గురూ కలిసి లాగితే కిటికీ చట్రం మరలు ఊడి వచ్చాయి గాని, ఉడుము రాలేదు.

"బాబా, చాలించండి. మీరు లాగేకొద్దీ అది బిగుస్తాది" అంది రత్తమ్మ ఊపిరందక.

"మరి వదలాలంటే?"

"లాగకూడదు. దానంతటది వదలాల్సిందే."

అబ్దుల్ ఘనీ చెమట తుడుచుకుంటూ ఆలోచించాడు. "కొట్టదు, కరవదు, పారిపోదు. ఇదేం బలం?"

"మా దానికి వచ్చింది అదొక్కటే బాబా" అన్నాడు జానీ కాలు రుద్దుకుంటూ. "పోట్లాటలో మీదే గెలిచినట్టు. పట్టుకోవడంలో మాది."

ఆ తీర్పు అందరికీ నచ్చింది. టీ తాగడానికి లోపలికి పోయారు. రత్తమ్మ గేటు దగ్గరికి వెళ్లి వంగి ఆ సందును చూసింది. చెయ్యి పట్టేంత కూడా లేదు. దానికి ఎలా కనిపించింది? ఆమెకు ఆ వరల్ మీద కొంచెం ఈర్ష్య కలిగింది.

ఆదివారం పొద్దున సల్మా ఇస్త్రీ చేసిన కొత్త అబాయా వేసుకుని సిద్ధమైంది. జానీ సూట్‌కేసు కారులో పెట్టాడు. అనమ్ బోర్లా పడుకుని నిద్రపోతోంది. చిన్నపిల్ల పిడికిలిలో తల్లి ఓణీ అంచు ఇరుక్కుని ఉంది. సల్మా మంచం పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పుతోంది.

రత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. నోరు మూసుకుని ఉంటేనే మంచిదని తెలుసు. ఇంటి యజమానురాలు, ఎగ్జిట్ ఇవ్వాల్సిన మనిషి. అయినా ఉండబట్టలేదు.

"మేడం, లేపి చెప్పి పోండి."

"లేపితే ఏడుస్తుంది. నాకు కాళ్లు ఆడవు."

"ఏడవనీండి. మళ్లీ వస్తానని చెప్పి పోండి. నేను చెప్పకుండా వచ్చినా మేడం. రెండేండ్లాయె, నా కొడుకు నాతో మాట్లాడలేదు."

సల్మా పిల్ల మొహం చూసింది. గడియారం చూసుకుంది. చివరి వేలు కూడా విప్పి, ఓణీ లాక్కుని, చప్పుడు కాకుండా లేచి రత్తమ్మ పక్కనుంచి గుమ్మం దాటబోయింది.

రత్తమ్మ వీపు మీద ఒక గోరు వదిలింది. తర్వాత ఇంకొకటి. ఉడుము తొందరపడలేదు. ముందుకాలు చాపి సల్మా భుజాన్ని తాకి చూసుకుంది. రెండో కాలు వేసింది. పొట్ట ఎత్తి, తోక ఈడ్చుకుంటూ ఒక వీపు మీద నుంచి ఇంకో వీపు మీదికి మారింది. మారినచోట రత్తమ్మకు నీళ్లు పోసినంత చల్లగా అనిపించింది.

సల్మా ముందుకు వంగిపోయి గోడ పట్టుకుంది. "బరువుగా ఉంది" అంది.

"కొన్నాళ్లకు తెలీదు మేడం. ఉండండి." రత్తమ్మ తన గదిలోకి పరిగెత్తి, వేసుకున్న టెంటు గుడ్డ చొక్కా విప్పి తెచ్చింది. "దీని మీద పట్టుకునేట్టు వేసుకోండి. ఆ పలచటి బట్ట సాయంత్రానికి ఉండదు. కాళ్లు కడగండి, గోళ్ల సందుల్లో కూడా. రోజుకు రెండు గుడ్లు. ఎవరన్నా లాగుతామంటే మాత్రం ఒప్పుకోకండి."

"వెనక్కి ఆనుకోవద్దు మేడం, దానికి ఊపిరాడదు" అని జానీ కారు తలుపు పట్టుకున్నాడు. కారు హఖల్ దారి పట్టింది.

ఆ వారం రత్తమ్మకు ఒకచోట కాలు నిలవలేదు. వీపు మీద గాలి తగులుతుంటే ఎవరో వెనక నిలబడ్డట్టు తిరిగి తిరిగి చూసుకునేది. అనమ్ పొద్దున లేచి అమ్మ కోసం అన్ని గదులూ వెతికింది. అల్మారాలు కూడా తెరిచి చూసింది. ఆ తర్వాత ఏడవలేదు, అదే రత్తమ్మకు మరీ భయమేసింది. ఫోనులో తల్లి పిలిస్తే పిల్ల మొహం తిప్పుకునేది. తెర మీద సల్మాకు ఒక చెవి, సగం భుజం కనిపించేవి.

సల్మా పూటపూటకూ ఫోను చేసేది.

"తిన్నదా? తలుపు గడియ పెట్టావా? గ్యాస్ కట్టేశావా? మళ్లీ ఒకసారి చూసి రా, లైన్లోనే ఉంటాను."

రత్తమ్మ నిజంగానే వెళ్లి చూసి వచ్చేది.

"ల్యాబులో ఏమంటున్నారు మేడం?"

"ఏమంటారు? స్టూలు ఇచ్చారు, వీపు ఆనించే కుర్చీ వద్దని." సల్మా గొంతు అలసిపోయి ఉంది. "నువ్వు ఎలా పడుకునేదానివి?"

"బోర్లా."

"నిద్ర పట్టేదా?"

రత్తమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. "లేదు మేడం" అంది.

గురువారం మధ్యాహ్నమే సల్మా వచ్చేసింది. కారు దిగి నేరుగా అనమ్ పడుకున్న గదిలోకి వెళ్లి పిల్లను కుదిపి లేపింది. "అనమ్, లే. నేనొచ్చాను. నిన్ను కూడా తీసుకుపోతున్నాను. అక్కడ సముద్రం ఉంది, ఆసుపత్రిలో పిల్లల గది ఉంది. లే, చూడు నన్ను."

అనమ్ చూసింది. అప్పుడు ఏడ్చింది. దాచిపెట్టుకున్న ఏడుపంతా ఏడ్చి తల్లి మెడకు రెండు చేతులూ వేసి కావలించుకుంది. ఆ చిన్న చేతులు వీపు మీదికి వచ్చేసరికి ఉడుము పక్కకు ఒత్తిగిల్లి, గోళ్లు తీసేసి, నేల మీదికి దిగింది. గదిలోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి నింపాదిగా నడిచింది. జానీ దాని కోసం గేటు బార్లా తీసి, అది రోడ్డు దాటేదాకా వచ్చే కార్లను చేత్తో ఆపాడు.

సల్మా పిల్లను చంకన వేసుకుని, భర్తకు ఫోను చేసింది. "రత్తమ్మకు ఎగ్జిట్ వెయ్యండి. అవును, ఈరోజే. ఇంటిపని సంగతి తర్వాత చూసుకుందాం." ఫోను పెట్టేసి రత్తమ్మ వైపు తిరిగింది. "నిన్ను సంవత్సరం ఉండమన్నాను. నాకు వారం గడవలేదు" అంది. చొక్కా విప్పి మడతపెట్టి ఆమె చేతిలో పెట్టింది.

కాసేపటికి జానీ ఫోనుకు అబ్దుల్ ఘనీ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. వాడు చదివి, మళ్లీ చదివి, "వచ్చిందక్కా!" అని అరిచాడు. రత్తమ్మ నమ్మక ఇంకొకసారి చదివించుకుంది. తర్వాత చేతులు తుడుచుకుని ఊరికి ఫోను చేసింది. లోహిత ఎత్తింది.

"తమ్ముడికియ్యి. మాట్లాడకపోయినా పర్వాలేదు, చెవి కాడ పెట్టు."

తెర మీద చెవి వచ్చింది.

"నందూ, నేనొస్తాండాను నాయనా. వచ్చే వారమే. ఇంక పోను."

చెవి కదిలి, మెల్లగా మొహం వచ్చింది. రెండేళ్లలో ముందుపళ్లు ఊడి పెద్దవి మొలిచాయి.

"ఎప్పుడొస్తావు? నేను నిద్దరపోయినాకనా?"

"కాదు రా. పట్టపగలు వస్తా. నువ్వు చూస్తాండంగా వస్తా."