గొట్టం ఉన్న గన్ను

మేకులు కొట్టే గన్ను కొందామనుకున్న రోజు నుంచీ నా బావమరిది జయరావు మీద నాకు అనుమానం పట్టుకుంది. వాడికి బ్యాటరీదే కావాలట. నాకు కంప్రెసర్ గాలితో నడిచేది కావాలి. గట్టి సాల్ చెక్కలోకి మేకు తలదాకా దిగాలంటే గాలి గన్నే మేలని మా కిరండూల్‌లో ఏ వడ్రంగినడిగినా చెబుతాడు. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసీ బ్యాటరీ, బ్యాటరీ అని పట్టుబడుతున్నాడంటే ఏదో ఉంది.

ఏముందో నేను కనిపెట్టేశాను. గాలి గన్నుకు గొట్టం ఉంటుంది, గొట్టం చివర కంప్రెసర్, అది నా వడ్రంగి షెడ్డు వదిలి కదలదు. బ్యాటరీదైతే సంచిలో వేసుకుని గీదం బస్సెక్కేయొచ్చు. పని నేర్పిన నన్నే వదిలేసి అక్కడ సొంత షెడ్డు పెడతాడు. వాడు పోతే ఈ వయసులో దూలాలు ఒక్కణ్నే ఎత్తలేను. షెడ్డు మూసుకోవడమే.

పైగా ఇంట్లో గుసగుసలొకటి. నా పెళ్లాం కన్నమ్మా, ఆమె తమ్ముడు జయరావూ వంటింట్లో పెదవులు కదుపుతుంటారు. కట్టుకున్న మొగుడికి తెలియకూడని మాటలేమిటో! గనుల దగ్గర ఇనుపరాయి పగలగొట్టే క్రషర్‌లో పనిచేసినప్పుడు మేమందరం అరుచుకునే మాట్లాడుకునేవాళ్లం. ఈ గుసగుసలు నాకు పడవు. చివరికి జయరావును నిలదీశాను.

"బావా, కంప్రెసరొద్దు. నా మాటిను," అన్నాడు, కొండ మీదున్నవాణ్ని పిలిచినట్టు.

"ఎందుకొద్దో సెప్పు."

వాడు అక్క వైపు చూశాడు. కన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఊరికినే," అన్నాడు.

ఊరికినేనట! ఒళ్లు మండింది. మర్నాడే జగదల్‌పూర్ వెళ్లి కంప్రెసర్, గాలి గన్ను కొని తెచ్చాను.

షెడ్డులో స్విచ్ వేశాను. ట్యాంకు మీద చెయ్యి పెడితే వణుకుతోంది, చప్పుడు మాత్రం పక్క వీధిలో కుట్టుమిషన్ తొక్కినంతే. తలుపు చట్రానికి మేకులు దించాను. తలలు చెక్కలోకి మునిగిపోయాయి.

"సూసినావా, ఎంత నెమ్మదిగా నడుస్తందో! దీనికేట్రా అడ్డుపడ్డావు?"

జయరావు రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు. గుమ్మంలో కన్నమ్మా చెవులు మూసుకుంది. పక్కింటి పోలమ్మ బయటికొచ్చి, నా వైపు చెయ్యి ఊపుతూ తిడుతోంది. ఒక్క ముక్కా వినబడలేదు. ఆమె చంకలో పసివాడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపూ వినబడలేదు.

గన్ను కింద పెట్టేశాను. క్రషర్‌లో అరుచుకునే రోజుల్లో ఎవరికెంత వినబడుతోందో ఎవరం చూసుకున్నాం గనక?

జయరావు స్విచ్ ఆపి, నా చెవిలో అరిచాడు. "బేటరీదానికి ఈ మోటారు మోతుండదు బావా. మిగిలిన కాస్త వినికిడైనా నిలబడతాదని... నువ్వు బెంగెట్టుకుంటావని అక్క సెప్పనివ్వలేదు."

భయమేసింది. సిగ్గేసింది. గన్నుకున్న గొట్టం ఊడదీసి వాడి చేతికిచ్చాను.

"గీదంలో షెడ్డెట్టుకోవు కదరా?" అన్నాను.

వాడు గొట్టం చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే ఏదో చెప్పాడు. మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.