విత్తనాల బుర్ర

వరహాలరావు మాస్టారు చేతిరుమాలుతో కంప్యూటరు తెర తుడిచి, మీట నొక్కి, అది మేలుకునేదాకా చేతులు చంకల్లో దూర్చుకుని కూచున్నాడు. మార్గశిరం మంచు కిటికీ చువ్వల్లోంచి గదిలోకి వచ్చేస్తోంది. అవతల వలిసె చేలున్నాయో లేవో కూడా తెలియడం లేదు. టెలిఫోను తీగ పట్టుకుని ఇంటర్నెట్టు అరకు ఘాటీ ఎక్కి రావాలి కదా, దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా బంట్రోతు టీ పెట్టి వెళ్ళాడు. మాస్టారు తాగాడు. అందులో పంచదార వెయ్యడం మరిచిపోయారని ఆయనకి తెలియలేదు.

ఈ మధ్య అన్నీ అలాగే ఉన్నాయి. దసరాల ముందు భార్య ఈశ్వరమ్మకి జ్వరం వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్తుంటే ఘాటీ రోడ్డు మధ్యలోనే ప్రాణం పోయింది. పన్నెండో రోజు దాటగానే మాస్టారు బడికొచ్చి, కప్ప గుండె బొమ్మ గీసి, పాఠం చెప్పేశాడు. అందరూ ఎంత నిబ్బరమో అన్నారు. నిబ్బరమా నా మొహమా! మనిషి మొద్దుబారిపోయాడు, అంతే. కూర చప్పగా ఉన్నా తినేశాడు, ఉప్పు కశంగా ఉన్నా తినేశాడు.

తెర మీద పేజీ తెరుచుకుంది. దాని సంగతి చెప్పాలి. ఇది మూడు బళ్ళ ఉమ్మడి పేజీ. అరకులో అక్షరం కొడితే కురుపాంలోనూ సీతంపేటలోనూ కనిపిస్తుంది. మూడు చోట్లా తొమ్మిదో తరగతి పిల్లలు చిక్కుడు గింజల్ని తడిదూదిలో పెట్టి, అవి ఎలా మొలకెత్తుతున్నాయో రోజూ తమ వరసలో రాయాలి. మీ పెరళ్ళలో కాసినవే వాడండి, కొనొద్దు అని ఉపాయం చెప్పింది వరహాలరావు మాస్టారే. కురుపాం వాళ్ళ గింజలకి వేళ్ళొచ్చాయి. సీతంపేట వాళ్ళవి పొట్టు విడిచాయి. అరకు వరస మాత్రం తెల్లగా ఉంది. కురుపాం టీచరు ఉమామహేశ్వరి పక్కన వేళాకోళంగా రాసింది: “మాస్టారూ, అరకు పిల్లలు చలికి దుప్పట్లోంచి లేవడం లేదా?”

రోజూ గింజలు తెమ్మంటే పిల్లలు “రేపు తెత్తాం మాస్టారూ” అని తలలు దించుకుంటున్నారు. కోప్పడదామన్నా కోపం రావాలి కదా! ఇవాళే ఆయనకి ఈ బడిలో ఆఖరి రోజు. పెళ్ళాం పోయిన ఊళ్ళో ఒంటరిగా ఏం ఉంటావయ్యా అని తలా ఒక మాటా అని పార్వతీపురానికి బదిలీ అర్జీ రాయించారు. సంతకం పెట్టమంటే పెట్టాడు. వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు. కానీ ఆ తెల్ల వరస ఒక్కటే ఎందుకో కంట్లో నలుసులా తగులుతోంది. తను చదువు చెప్పిన పిల్లలు సోమరులన్న మాట మూడు బళ్ళ ముందూ మిగిలిపోతుంది.

పిల్లలొచ్చారు. ముందు బెంచీలో ముత్యాలమ్మని లేపాడు. మాటకారి గుంట, లెక్కల మాస్టారికే ఎదురు చెబుతుంది. ఆమె కూడా కాలి బొటనవేలితో నేల గీరుతోంది.

“మీ ఇంటి కంచె నిండా చిక్కుడు పాదేనటే. గుప్పెడు కోసుకు రావడానికి ఏమొచ్చింది?”

“సిక్కుడు కొత్త అవ్వనేదు కదండీ. దిసారి ఇంకా రోజు పెట్టనేదు. కొత్త అవ్వకుండా ముట్టుకోకూడదండి.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. అయ్యో రామా! ఇన్నేళ్ళుగా ఈ కొండల్లో ఉంటున్నాడు. ఊరికి మంచిరోజులు చూసే దిసారి ముహూర్తం పెట్టి, కొత్త పండగ చేసి, దేవతకి పెట్టందే ఇక్కడెవరూ కొత్త కాయ కొయ్యరని తనకి తెలియదా? కురుపాం టీచరికి తెలియదంటే అర్థముంది. ఏటా ఈశ్వరమ్మే గుర్తుచేసేది. “చిక్కుడు కొత్త ఇంకా కాలేదండోయ్, పిల్లల ముందు ఆ కూర ఎత్తకండి,” అనేది. చెప్పే మనిషి లేకపోయేసరికి తన బుర్రలోంచే ఎగిరిపోయింది.

“మరి ముందే చెప్పొచ్చు కదే?”

“మీరు బాధలో ఉన్నారని... మా అమ్మ ఏటీ అనొద్దందండి.”

“కొనొద్దన్నాను గానీ, షావుకారు కొట్లో కొంటేనో?”

“వాటిల్లో కొత్తవి కలిసిపోయుంటాయండి. నిరుటివయితే పరవానేదు. నిరుడు కొత్త అయిపోనాది కదా.”

నిరుటివి. మాస్టారు లేచి, బడి వెనకున్న తన క్వార్టరుకి నడిచాడు. ట్రంకుపెట్టె, పరుపు చుట్ట కట్టేసి ఉన్నాయి. ఈశ్వరమ్మ చీరలు ఎవరెవరో పట్టుకెళ్ళారు, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇన్నాళ్ళూ పొయ్యి మీద వేలాడి, ఇప్పుడు సంచీలోకి చేరిన ఆనపకాయ బుర్ర అది. పొగకి నల్లగా మెరుస్తూ, మూతికి అడ్డాకు చుట్ట బిగించి ఉంది. సంతలో ఆడవాళ్ళని చూసి నేర్చుకుని, ఈ పెరట్లో తన పాదుకి కాసిన నిరుటి చిక్కుడు గింజల్ని బూడిదలో కలిపి అందులో దాచింది. ఈ ఏడు వేద్దామనుకుని, వెయ్యకుండానే పోయింది.

మాస్టారు సంచీలోంచి బుర్ర తీశాడు. ఇదొక్కటైనా తనతో రాకూడదా అనిపించింది. ఆ అనిపించడానికే ఆయన ఉలిక్కిపడ్డాడు. దసరాల తర్వాత ఆయనకి ఏదైనా కావాలనిపించడం ఇదే మొదలు. బుర్ర గుండెకి ఆనించుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత పట్టుకెళ్ళి ముత్యాలమ్మ చేతుల్లో పెట్టాడు.

ఆ పిల్ల మూత తీసి, ఒడిలోకి వంచి, బూడిద ఊదింది. గింజలు నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. తరగతంతా మీద పడింది. తలా ఒకటి పంచింది ముత్యాలమ్మ. ఇంకా ఇమ్మని చేతులు చాపితే కసిరి, మిగిలిన గుప్పెడూ మళ్ళీ బుర్రలో పోసేసింది.

“అవెందుకే దాస్తావు?”

“ఇత్తనాల బుర్ర వట్టిది సెయ్యకూడదండి. ఇదిగోండి, పట్టుకెళ్ళండి.”

మాస్టారు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. “ఇక్కడే ఉండనీ,” అని కంప్యూటరు పైనున్న మేకుకి తగిలించాడు.

“పేజీలో ఏ రకం సిక్కుడని రాయాలండి?” అంది ముత్యాలమ్మ. బయట బస్సు హారను మోగింది. “మీకేది తోస్తే అది రాయండి,” అని మాస్టారు సంచీ భుజాన వేసుకున్నాడు. సాగనంపడానికి పిల్లలు గేటుదాకా వచ్చారు, చేతుల్లో తడిదూది పట్టుకుని. బస్సు మంచులోకి మలుపు తిరిగింది. ఆయన వెనక్కి చూడలేదు.

పార్వతీపురంలో చేరాక ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ ఇంటర్నెట్టు కొట్టు కనిపిస్తే ఎక్కాడు. పేజీ తెరిచాడు. అరకు వరస నిండి ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగుతో. మొదట ఏటీ నేదు. తర్వాత ఉబ్బినాయి. తర్వాత పొట్టు సిట్లింది. తర్వాత తెల్లటి వేరు. వరస పైన, రకం అన్నచోట ‘ఈశ్వరమ్మ చిక్కుడు’ అని ఉంది.

దాని పక్కన కురుపాం టీచరు అడిగింది: “ఈ రకం నేనెప్పుడూ వినలేదే. ఈశ్వరమ్మంటే ఎవరు పిల్లలూ?”

కింద ముత్యాలమ్మ జవాబు: “మా మాస్టారి ఇంటావిడ. బడి వెనక పాదు ఆవిడిదే. మొక్కలు అక్కడే నాటుతాం.”

అప్పుడు వచ్చింది ఏడుపు. కొట్టువాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. మాస్టారు గట్టిగా, సిగ్గులేకుండా, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకుని చూస్తే ఆఖరి ముక్క ఇంకొకటుంది: “మాస్టారూ, బుర్ర మేకుకే ఉంది. ఎవులినీ ముట్టుకోనివ్వడం నేదు.”