పొగమంచులో రెండు ఓట్లు

ఆ ఏడాది నవంబరులో మా ఊరు బర్చ్ లాండింగ్‌కి మంచు ఇంకా రాలేదు. ఎప్పుడో వెళ్ళిపోవలసిన వెచ్చటి గాలి దారి మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి, చల్లటి సుపీరియర్ సరస్సు మీద పడుకుంది. దాంతో పొగమంచు పుట్టింది. మధ్యంతర ఎన్నికల రోజు తెల్లవారేసరికి ఎదురింటి వాకిలి కనబడటం లేదు. రోడ్డు పక్కన పాతిన బోర్డుల మీద ఏ అభ్యర్థి పేరుందో, ముక్కు ఆనేంత దగ్గరికి వెళితే గానీ తెలియడం లేదు.

నేను టౌన్‌షిప్ హాల్లో ఓటర్లకి బ్యాలెట్ కాగితాలిచ్చే బల్ల దగ్గర కూర్చుంటాను. నా పేరు మార్నీ. ఆ రోజు ఐలీ హర్యుకీ, వెండెల్ ట్రెలోర్‌కీ జరిగింది చెబుతున్నాను. కొంత నేను చూసింది. మిగతాది వాళ్ళిద్దరూ వేరువేరుగా వచ్చి చెప్పింది. ఇద్దరి మాటా ఒకటిగా ఉండటం అంతకు ముందు నేనెరగను.

ఐలీ మా ఊళ్ళో స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆమెది నీలం పార్టీ. పక్కింటి వెండెల్ హార్డ్‌వేర్ కొట్టు నడిపి మానేశాడు. ఆయనది ఎర్ర పార్టీ. ఎన్నికలొస్తే పొద్దున ఆమె తలుపు తట్టిన ఇంటికే సాయంత్రం ఆయన వెళ్ళి తట్టేవాడు. ఆమె అంటించిన కాగితం ఊడదీయడు గానీ, దాని పక్కనే తనది కాస్త ఎత్తుగా అంటించేవాడు. ఐలీ భర్త రైనో, వెండెల్ భార్య డొరీన్ బతికున్నప్పుడు ఆ నెలంతా కంచెకి అటొకరూ ఇటొకరూ నిలబడి, వీళ్ళ మాటలు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

తర్వాత పేపరు మిల్లు మూతపడింది. రెండు పార్టీల పెద్దలూ వచ్చారు. మూసిన గేటు ముందు నెత్తిన ఇనుప టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగారు. తెరిపిస్తామన్నారు. ఆ మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో మాకే గుర్తు లేదు. గేటుకి తీగలు పాకి, తీగల్లో పక్షులు గూళ్ళు కట్టాయి.

ఆ ఎన్నికల ముందటి వేసవిలో రాజధాని నుంచి నీలం పార్టీ కుర్రవాడొకడు వచ్చి, ఇంటింటికీ వెళ్ళి ఏం మాట్లాడాలో ఐలీకి నేర్పబోయాడు. మిల్లు గురించి ఎత్తవద్దన్నాడు. ఆ విషయం జనానికి విసుగట. ఐలీ అతనికి కాఫీ ఇచ్చి పంపేసి, మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. వెండెల్‌కీ అలాంటి అనుభవమే అయింది. ఆయన పార్టీ నుంచి ఎవరో ఫోన్ చేసి, మీ ఊరి పేరు ఎలా పలకాలండీ అని అడిగారు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఇద్దరూ ఎవరి పెరట్లో వాళ్ళు రాలిన ఆకులు ఊడుస్తున్నారు.

"ఈసారీ వేస్తావా మీ వాళ్ళకి?" అని అడిగాడు వెండెల్.

"వెయ్యక ఏం చేస్తాను. నేను మానేస్తే నీ ఓటు ఒకటి మిగిలిపోతుందిగా."

"నేను వేసేదీ అందుకే. నీ ఓటుకి నా ఓటు అడ్డం పెట్టడానికి. ఇంకేం సరదా లేదు నాకు."

ఐలీ ఊడవటం ఆపింది. "అయితే ఇద్దరం మానేద్దాం. లెక్క మారదు, మనకి ప్రాణం సుఖం."

"మాట మీద నిలబడతావా?"

"నా సంగతి సరే. నువ్వు చాటుగా వెళ్ళి వేసొస్తావేమోనని నా అనుమానం."

"నాకూ నీ మీద అదే అనుమానం," అన్నాడు వెండెల్. "ఒక పని చేద్దాం. ఆ రోజంతా ఒకరి కళ్ళ ముందు ఒకరం ఉందాం. నా పడవలో చేపలకి పోదాం."

అలా వాళ్ళు ఎన్నికల రోజున వెండెల్ చిన్న అల్యూమినియం పడవలో అఖాతంలోకి వెళ్ళారు. ఆయన మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పేస్టీలు తెచ్చాడు. ఆమె ఫ్లాస్కుతో కాఫీ, యాలకుల రొట్టె తెచ్చింది. బయలుదేరినప్పుడు పొగమంచు పలచబడుతున్నట్టే ఉంది. ఒడ్డు వెనకపడ్డాక మళ్ళీ కమ్ముకుంది.

కాసేపటికి నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. పడవని ఎవరో పాలల్లో వదిలేసి మరిచిపోయినట్టుంది. అల లేదు. గాలి లేదు. గాలం వేస్తే దారం రెండు మూరల దూరంలో తెల్లదనంలోకి వెళ్ళిపోయి, దాని చివర ఏముందో తెలియడం లేదు. మాట్లాడితే ఆ మాట అక్కడే పడవ పక్కన ఆగిపోతోంది. అందుకని మాట్లాడటం మానేశారు.

ఐలీకి కళ్ళు మూతలు పడుతున్నాయి. పడవ ముందు భాగంలో రైనో కూర్చుని ఉన్నట్టు, ఎప్పటిలాగే చొక్కా చేతులు మడుచుకుంటున్నట్టు అనిపించింది. కంగారేమీ కలగలేదు. అతను అక్కడ ఉండటమే న్యాయమనిపించింది. తర్వాత ఎక్కడో దూరాన మిల్లు కూత వినబడింది. పగటి షిఫ్టు దిగేటప్పుడు వేసే పొడుగాటి కూత. ఆమె కళ్ళు తెరిచింది.

వెండెల్ తల పక్కకి తిప్పి, చెవి ఒగ్గి వింటున్నాడు.

"నీకూ వినబడిందా?" అంది.

"ఏమిటి?"

"ఏం లేదులే."

"నాకూ ఏం లేదు," అన్నాడు. కానీ చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఇక చాలనుకుని మోటారు నడిపాడు వెండెల్. కొంతదూరం పోయాక నీళ్ళ మీద యాలకుల రొట్టె ముక్క ఒకటి తేలుతూ కనబడింది. అది ఐలీ పొద్దున పారేసిందే. తిరిగిన చోటే తిరుగుతున్నారన్నమాట. వెండెల్ మోటారు ఆపేశాడు. దిక్సూచి ఉందా అంటే ఉంది, ట్రక్కులో. ఐలీ దగ్గర పాతకాలపు మడత ఫోను తప్ప దారి చూపించేదేమీ లేదు.

ఆ ఫోను అప్పుడే జేబులో వణికింది. ఐలీ ఆశగా తెరిచింది. 'ఐలీ, మీరు ఇంకా ఓటు వెయ్యలేదు. ఇదే చివరి అవకాశం. మీ వాళ్ళంతా మీ కోసం ఎదురు చూస్తున్నారు' అని ఉంది.

"మీ వాళ్ళని ఒడ్డు ఎటో అడుగు," అన్నాడు వెండెల్.

"షెరీఫుకి ఫోను చేద్దామా?"

"వద్దు. చేస్తే వచ్చేది ఎవరు? అంబులెన్సు స్టేషనులో ఉండే ఆ పిల్లలే రబ్బరు పడవ వేసుకుని రావాలి. ఇందులో పడి వాళ్ళూ తప్పిపోతారు. ఆ తప్పిపోయేదేదో మనమే తప్పిపోదాం."

"వచ్చే ఏడాది పిలుద్దామన్నా వాళ్ళుండరేమో," అంది ఐలీ. "అంబులెన్సు కోసం వేసే పన్నుకి ఊరు ఒప్పుకోకపోతే స్టేషను ఎత్తేస్తారట. మార్నీ చెప్పింది."

"ఎప్పుడు పెడుతున్నారు అది ఓటింగుకి?"

ఐలీ ఫోను మడిచి జేబులో పెట్టుకుంది. "ఇవాళే," అంది. "బ్యాలెట్ కాగితం వెనక పేజీలో ఉంటుంది."

"దానికి వెనక పేజీ ఉంటుందా?"

ఆయన హాస్యానికి అనలేదు. మా రాష్ట్రంలో కాగితం పైన పార్టీ పేరు పక్కనున్న ఒక్క గడి నింపితే చాలు, ఆ పార్టీ వాళ్ళందరికీ ఓటు పడిపోతుంది. వెండెల్ పెళ్ళికి ముందు నుంచీ ఆ ఒక్క గడి నింపి ఇంటికెళ్ళిపోయేవాడు. ఐలీ చేసేదీ అదే. వెనక పేజీ ఉందని ఆమెకి తెలుసు గానీ, తిప్పి చూసింది తక్కువ.

వెండెల్ చేతులు నీళ్ళలో ముంచి మొహం తుడుచుకున్నాడు. "డొరీన్‌కి గుండె ఆగిన రోజు, కప్పులో కాఫీ చల్లారకముందే వచ్చారు వాళ్ళు. అలా వచ్చారు కాబట్టి ఇంకో మూడు శీతాకాలాలు బతికింది. ఆ మూడేళ్ళలోనే మేం సరిగ్గా మాట్లాడుకున్నది."

ఐలీ ఫ్లాస్కు మూత తీసింది. కాఫీ మిగిలింది పోసి ఇచ్చింది.

"ఐలీ, నీ ఓటూ నా ఓటూ కొట్టేసుకునేది ముందు పేజీలోనే కదా."

"వెనక పేజీలో మనిద్దరిదీ ఒకే మాట," అందామె. "మనం ఇక్కడ కూర్చుని రెండు ఓట్లు నీళ్ళలో పోస్తున్నాం."

అప్పటిదాకా వెళ్ళినా వెళ్ళకపోయినా ఒకటే అనిపించిన ఒడ్డు, ఇప్పుడు కావలసి వచ్చింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. తెల్లదనం లోపలి నుంచి ఎక్కడో ఒక కుక్క మొరిగింది.

"అది డెల్ఫీన్ లడూక్ కుక్క," అంది ఐలీ.

"ఎలా చెప్తావు?"

"రెండుసార్లు మొరిగి మధ్యలో దగ్గుతుంది. నన్ను చూసి ఎన్నిసార్లు దగ్గిందో."

"నన్ను కరిచింది."

"మీ కరపత్రం చదివి ఉంటుంది."

వెండెల్ తెడ్డు అందుకున్నాడు. మోటారు వేస్తే కుక్క వినబడదు. అది మొరిగినప్పుడు అటు తిప్పి, ఆగినప్పుడు ఆగి, మెల్లగా సాగారు. కుడివైపు ఇంకో కుక్క సన్నగా ఊళ వేసింది. అది పాస్టరు గారిదని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. తలుపులు తట్టిన ఏళ్ళన్నీ ఆ పొగమంచులో వరసగా నిలబడి మొరుగుతున్నట్టుంది. అటు పోతే రాళ్ళున్నాయని ఆమె, ఇటు పోతే లోతు లేదని ఆయన చెప్పుకుంటూ, చివరికి డెల్ఫీన్ ఇంటి వెనక చెక్క రేవుకి పడవ ఆనించారు.

డెల్ఫీన్ లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. మిల్లు క్యాంటీనులో వంట చేసేది. మిల్లు పోయినప్పటి నుంచీ ఓటు మాట ఎత్తితే తలుపు వేసేసేది.

"మీరిద్దరూ ఒకే పడవలోనా," అంది. "నాకు నిద్ర ఇంకా వదల్లేదనుకుంటా."

ఐలీ ఓటు సంగతి చెప్పి, హాలు దాకా దింపమని అడిగింది. డెల్ఫీన్ కుక్క మెడ పట్టుకుని వాళ్ళని ఎగాదిగా చూసింది.

"రెండేళ్ళకోసారి పొద్దున నువ్వొస్తావు, సాయంత్రం ఈయనొస్తాడు. నేను లేకపోతే దేశం మునిగిపోతుందంటారు. తర్వాత ఇద్దరూ కనబడరు. దేశం ఏమైందో చెప్పడానికైనా ఒక్కరూ రారు."

"నువ్వన్నది నిజమే," అన్నాడు వెండెల్. ఐలీ కూడా కాదనలేదు. ఆ మాట డెల్ఫీన్‌కి కొత్తగా ఉన్నట్టుంది. కోటు తొడుక్కుంది. "దింపుతాను. బండి మాత్రం దిగను," అంది.

వాళ్ళు నా బల్ల దగ్గరికొచ్చేసరికి సాయంత్రమైంది. ఐలీ కోటు అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇద్దరికీ కాగితాలిచ్చాను. ఓటు వేసే పక్కపక్క గూళ్ళలోకి వెళ్ళారు.

ముందు పేజీ చూడగానే తన చెయ్యి దానంతటదే పైనున్న గడి మీదికి వెళ్ళిందని ఐలీ తర్వాత చెప్పింది. పక్క గూటిలో ఉన్నాయన ఏం చేస్తున్నాడో కనబడదు. ఆయన వేసేసి ఉంటే? కలం పట్టుకుని అలాగే నిలబడింది. ఆ పేర్ల మీద కోపం వస్తుందనుకుంది, రాలేదు. మనసంతా మధ్యాహ్నపు నీళ్ళలా ఉంది. కాగితం తిప్పి, వెనక ఒక్క గడి నింపింది. వెండెల్ కూడా అదే చేశానని నాతో అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు అడగనేలేదు.

వాళ్ళు బయటికి వెళుతుంటే డెల్ఫీన్ లోపలికొచ్చింది. ఇంజను వేడెక్కుతోందని ఆపేశానంది. కాసేపు గోడ మీది నోటీసులు చదివి, నా దగ్గరికొచ్చింది.

"వెనక పేజీ ఒక్కటే ఇస్తారా?"

"కాగితం ఒకటే, రెండు పేజీలూ దాంతోనే వస్తాయి," అన్నాను.

"సరే, అలాగే ఇవ్వండి," అంది విసుగ్గా.

అంబులెన్సు పన్ను ఓడిపోయింది, కొద్ది తేడాతో. దేశ చట్టసభలో మా సీటు ఎప్పుడూ వెళ్ళేవాళ్ళకే వెళ్ళింది. నన్ను బాధపెట్టింది వేరే. ముందు పేజీ నింపి, వెనక పేజీ ముట్టుకోకుండా వదిలేసిన కాగితాలు, ఆ ఓడిన తేడా కన్నా చాలా ఎక్కువున్నాయి. ఆ మాట ఐలీకి చెబితే గుమ్మంలోనే నిలబడి, పక్కింటి వైపు చూసి, "వెండెల్," అని పిలిచింది.

వసంతంలో దాన్ని మళ్ళీ ఓటింగుకి పెట్టారు. ఈసారి కాగితం మీద అదొక్కటే ప్రశ్న. ఐలీ, వెండెల్ కలిసి ఒకే ట్రక్కులో ఊరంతా తిరిగారు. ఇద్దరినీ ఒకే గుమ్మం ముందు చూసి, ఎవరో పోయారేమో ఆ కబురు చెప్పడానికొచ్చారనుకుని జనం గాభరాగా తలుపులు తీశారు. తీసినవాళ్ళు చాలామంది లోపలికి రమ్మన్నారు. మిల్లు గురించీ, పార్టీల గురించీ తిట్టాలనుకున్నవన్నీ తిట్టారు. వీళ్ళు కూర్చుని విన్నారు. పన్ను పాసైంది.

ఆ సాయంత్రం ఐలీ ఇంటి ముందు ట్రక్కు ఆపాడు వెండెల్. సరస్సు మీద ఐసు కరిగి, ముక్కలు ఒకదానికొకటి తగిలి గాజు గలగలలాడినట్టు చప్పుడు చేస్తున్నాయి. ఇద్దరూ దిగకుండా వింటూ కూర్చున్నారు.

"వచ్చే ఎన్నికలకి ఏం చేద్దాం?" అన్నాడు.

"అప్పటికి మనకి మళ్ళీ పడదులే," అంది ఐలీ.

"అంతేనంటావా."

"అంతే. కానీ మీ వాళ్ళని మిల్లు గురించి నువ్వు అడుగు. మా వాళ్ళని నేను అడుగుతాను. జవాబు చెప్పేదాకా నేను వాళ్ళ తలుపు తట్టడం మాననుగాక మానను."

వెండెల్ ఆలోచించి తల ఊపాడు. ఆమె దిగి ఇంట్లోకి వెళ్ళాక కూడా, అద్దం దించుకుని ఆ ఐసు చప్పుడు వింటూ కాసేపు అక్కడే ఉన్నాడు.