సుక్కమ్మకు గంజి తాపమన్నది నేనే

సూర్యాపేటలో గీత కార్మికుల కల్లు దుకాణం తెరిపించింది నేను. పదేళ్లకు మూయించిందీ నేనే. తెరిపించినప్పుడు దండ వేశారు. మూయించినప్పుడూ దండ వేశారు. ఆ రెండో దండ పడిన నాలుగో రోజు సుక్కమ్మ చచ్చిపోయింది. దండలు వేసినవాళ్లలో ఒక్కడు కూడా నన్ను ఆ సంగతి అడగలేదు.

నా పేరు లింగయ్య. బడికి పోయింది ఏడో తరగతి దాకా. మిగతాదంతా కరపత్రాలు, కోర్టు కాగితాలు చదివి నేర్చుకున్నదే. మా నాయిన తాడెక్కేవాడు. నేను ఎక్కలేదు. మైకు పట్టుకున్నాను.

అప్పట్లో చెట్టు మాది, దుకాణం కాంట్రాక్టరుది. నడుం విరగ్గొట్టుకునేది ఒకడు, గల్లా దగ్గర కూర్చునేది ఇంకొకడు. దాని మీద రెండేళ్లు కొట్లాడాం. తాడెక్కే మోకులు రోడ్డుకు అడ్డంగా కట్టి విజయవాడ బస్సులు ఆపాం. లాకప్పులో పడుకున్నాం. 2002లో దుకాణం మా సంఘం చేతికి వచ్చింది. మొదటి రోజు పన్నెండు మంది గీసిన కల్లు లొట్టె కుండలతోనే తెచ్చి, తాటాకు మడిచిన రేకల్లో పోశాం. మధ్యాహ్నం కాకముందే అయిపోయింది. రానివాళ్లను రేపు రమ్మన్నాం. వాళ్లు నవ్వుకుంటూ పోయారు.

సుక్కమ్మను ఆ దుకాణం ముందు కూర్చోబెట్టింది కూడా నేనే. ఆమెది గరిడేపల్లి దిక్కు. కరువుకు గొర్రెలు అమ్ముకుని, భర్తను పోగొట్టుకుని, బిడ్డ ధనలక్ష్మిని తీసుకుని పేటకు వచ్చింది. అడ్డా మీద కూలికి నిలబడితే ముసలిదని ఎవడూ పిలవలేదు. శనగ గుడాలు ఉడకబెట్టి అమ్ముకోమన్నాను. గంప పెట్టింది. కల్లుకు గుడాలు, గుడాలకు కల్లు. బేరం నడిచింది.

నన్ను అల్లుడా అనేది. చుట్టం కాదు, వరస కలిపింది అంతే.

"ఏం అల్లుడా, ఇయ్యాల ఎవలి మీద కొట్లాట?"

"నీ మీదనే అత్తా. గుడాలల్ల ఉప్పు లేదు."

"ఉప్పు తిని తిని గిట్ల ఎగురుతున్నవ్. నీకు సప్పిడివే పెట్టాలె. పైసలు తియ్ ముందుగాల."

సాయంత్రం గంప ఖాళీ అయ్యాక ఒక రేకెడు తాగి ఇంటికి పోయేది.

దుకాణం పెరిగింది. పేటలోనే ఇంకో రెండు తెరిచాం. తర్వాత కోదాడలో, మిర్యాలగూడలో. మిర్యాలగూడ రైసుమిల్లుల హమాలీలు పని దిగి బారులు తీరేవాళ్లు. హుజూర్‌నగర్ నుంచి ఆటోలు కట్టుకుని కోదాడకు వచ్చేవాళ్లు. రేకలు పోయి సీసాలు వచ్చాయి. షెడ్లు, బల్లలు, ఆడవాళ్లకు వేరే గది, బోటీ కూర, ఉడికిన గుడ్లు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, కల్లంటే పేట కల్లే అన్నారు. సభల్లో నేను రొమ్ము విరుచుకుని చెప్పేవాణ్ని: చూడండి, పెట్టుబడిదారుడు లేకుండా మా కులవృత్తి మూడు ఊళ్లకు ఎట్లా విస్తరించిందో. ఎంతమంది ఎక్కుతున్నారని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని కాదు. పన్నెండు మంది తొమ్మిది మంది అయ్యారు. ఇద్దరు పడి మంచం పట్టారు, ఒకడు హైదరాబాదుకు వాచ్‌మన్‌గా పోయాడు.

ఇంకొకటి. మాలాంటోళ్లకు అందరికీ తెలిసిందే. వానకాలంలో చెట్టు పారదు. మా నాయిన కాలంలో ఆ రెండు మూడు నెలలు ఊరంతా కల్లు లేకుండానే ఉండేది. తాగేవాళ్లు కాసేపు విసుక్కుని, గంజి తాగి పడుకునేవాళ్లు. మా దుకాణాల్లో మాత్రం శ్రావణంలోనూ సీసా ఆగలేదు. నేను చూశాను. చూసి, దుకాణాలకు కల్లు పంపే డిపో చూసుకునే సతీష్ ఎక్కడి నుంచో తెప్పిస్తున్నాడులే అనుకున్నాను. అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను.

సుక్కమ్మ ఒక రేకెడు నుంచి రెండు సీసాలకు, రెండు నుంచి నాలుగుకు వచ్చింది. పొద్దున్నే గుడాలు పొట్లం కడుతుంటే చేతులు వణికేవి. మొదటి సీసా పడితే గానీ ఆగేవి కావు.

"ఏందత్తా, సలిజ్వరమా?" అన్నాను ఒకసారి.

"నీ కల్లే అల్లుడా. తాగకపోతే ఒళ్లు ఇంటలేదు."

నవ్వాను. ఆ మాట నాకు పొగడ్తగా వినిపించింది.

2012 ఆషాఢంలో రామనర్సయ్య వచ్చాడు. మొదటి పన్నెండు మందిలో ఒకడు. యాభై దాటినా ఇంకా ఎక్కుతున్నాడు.

"లింగన్నా, నా లొట్టెల అడుగు సుత తడుస్తలేదు. మూడు ఊర్లకు సీసాలు యాడికెళ్లి వస్తున్నయ్?"

"సంఘాన్ని బద్నాం జెయ్యకు నర్సన్నా."

"బద్నాం కాదే. నువ్వు జర వచ్చి సూడు. సూసినంక తిట్టు, పడ్త."

డిపోకు తీసుకుపోయాడు. చూశాను. నీళ్ల డ్రమ్ములు. వాసన కోసం కాస్తంత పులిసిన కల్లు. తీపికి శాక్రిన్. పక్కన ప్లాస్టిక్ కవరులో తెల్ల పొడి. మత్తు మందు. సతీష్ గరిటెతో కలుపుతున్నాడు, ఇంట్లో మజ్జిగ కలిపినంత తాపీగా. నన్ను చూసి దాచలేదు కూడా.

"అన్నా, నువ్వు మైకుల ఊర్లు పెంచినవ్. చెట్లు పెంచినవా? జనం వచ్చి నిలవడ్తే లేదు పొమ్మనాల్నా?"

"పొమ్మనాలెరా! మా నాయిన పొమ్మన్నడు!"

"మీ నాయినకు ఒకటే ఊరు."

కాలర్ పట్టుకున్నాను. రామనర్సయ్య విడిపించాడు. వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే అంత కోపం వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది.

తెల్లారి మూడు ఊళ్లలో దుకాణాలన్నిటికీ తాళాలు వేయించాను. డ్రమ్ములు నడిరోడ్డు మీద బోర్లించాం. విలేకరులు వచ్చారు. నా సంఘాన్ని నేనే మూశానని దండ వేసి నన్ను ఎత్తుకుని తిప్పారు. ఇయ్యాల్టి నుంచి చుక్క లేదు అని అరిచాను. చప్పట్లు. ఆ పొడి తాగిన ఒళ్లకు ఒక్కసారిగా అది లేకపోతే ఏమవుతుందని ఒక్క డాక్టరును కూడా అడగలేదు. అడగాలని తట్టలేదు. కల్లు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసనుకున్నాను. నేను గీత కార్మికుడి కొడుకును, నాకు ఒకడు చెప్పేదేంటి?

రెండో రోజే సతీష్ మనుషులు ఆర్డీవో ఆఫీసు ముందు కూర్చున్నారు. దుకాణాలు తెరవాలట. వణికేవాళ్లను పది పదిహేను మందిని ఆటోల్లో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒకడు నాలుక బయటపెట్టి మెడ తిప్పుతున్నాడు. ఇంకొకడు గాలిలో ఏదో పీకుతున్నాడు. బాగా నేర్పారు నాటకం, అన్నాను విలేకరులతో. వాళ్లు రాసుకున్నారు. ఆ వరసలో సుక్కమ్మ కూడా ఉందని తర్వాత ఎవరో చెప్పారు. నాకు ఒళ్లు మండింది. నేను కూర్చోబెట్టిన మనిషి, వాడి ఆటో ఎక్కుతుందా?

మూడో రోజు పొద్దున ధనలక్ష్మి వచ్చింది. మిర్యాలగూడ మిల్లులో పనిచేస్తోంది. కబురు తెలిసి మొదటి బస్సుకు వచ్చిందట. ఒంటి మీద ఇంకా తవుడు దుమ్ము ఉంది.

"అన్నా, అమ్మ మంచిగ లేదు. జర వచ్చి సూడుండ్రి."

పోయాను. ఒంటి గది కిరాయి ఇల్లు. సుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లంతా ఊగుతోంది. నన్ను చూసి కూడా చూడలేదు. మూల దిక్కు చెయ్యి చాపి, ఎప్పుడో అమ్ముకున్న గొర్రెలను పిలుస్తోంది. పేరుపేరునా. ఒకటి తప్పిపోయిందని ఏడుస్తోంది.

"అత్తా," అన్నాను. "నేను లింగన్నను."

"గీడ తోడేలున్నది. నిలవడు," అంది.

భయమేసింది. అబద్ధం చెప్పను, భయమేసింది. అయినా నోరు మాత్రం సభలో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏం కాదు ధనలక్ష్మీ. కల్లు ఆగినంక రెండు దినాలు గిట్లనే ఉంటది. వానకాలంల అందరికీ ఆగేదే గద. మా నాయిన కాడ తాగేటోళ్లను ఎంతమందిని సూసిన్నో. గంజి తాపు. లేస్తది."

"దవాఖానకు తీస్కపోత అన్నా. ఆటో మాట్లాడిన."

ఇక్కడే. ఆటో వాకిట్లో నిలబడి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. దవాఖాన కిలోమీటరు కూడా లేదు.

"వద్దు," అన్నాను.

"ఎందుకన్నా?"

"దవాఖానల ఎక్కితే రేపు పేపర్ల పడ్తది. దుకాణాలు మూసినందుకు మనుషులు ఆగమైతున్నరని రాస్తరు. సతీష్‌గాడికి గదే కావాలె. ఎల్లుండికి మళ్ల తెరుస్తరు. మీ అమ్మను ఇట్ల జేసిన విషం మళ్ల అమ్ముతరు. రెండు దినాలు ఓర్సుకోవమ్మా. ఒక్క రెండు దినాలు."

నా మొహం చూసింది. తల్లిని చూసింది. చదువు లేని పిల్ల కాదు, పదో తరగతి పాసైంది. కానీ గుడాల గంప పెట్టించినవాణ్ని నేను, మిల్లులో పని మాట్లాడిందీ నేనే. నా మాట మీద నడవడం ఆ ఇంటికి అలవాటు.

"సరే అన్నా. నువ్వు జెప్పినట్లనే," అని బయటికి పోయి ఆటోను పంపేసింది.

నాలుగో రోజు పొద్దున సుక్కమ్మకు మూర్ఛలు వచ్చాయి. ఒకటి ఆగకముందే ఇంకొకటి. ధనలక్ష్మి ఎవరినీ అడక్కుండా ఎత్తుకుని దవాఖానకు పరిగెత్తింది. నేను పోయేసరికి అయిపోయింది.

డాక్టరు చిన్న వయసువాడు, కోదాడ వైపు మనిషి. ధనలక్ష్మి లోపల శవం దగ్గర ఉంది. అతను వరండాలో నాతో ఒక్కడితోనే మాట్లాడాడు.

"ఇది కల్లు మానేసినందుకు కాదండీ. మత్తు మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు. ఏళ్ల తరబడి లోపలికి పోయిన మందు అది, మెల్లగా దించాలి. నిన్నా మొన్నా వచ్చినవాళ్లు లోపల పది మంది ఉన్నారు, అందరూ కోలుకుంటున్నారు. ఈవిణ్ణి నిన్న ఎందుకు తీసుకురాలేదు?"

తెలియదన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. తెలియదు.

ఆ రోజు నుంచి వణుకుతున్న ప్రతి మనిషినీ వెతికి వెతికి నేనే ఆటో ఎక్కించాను. పేటలో, కోదాడలో, మిర్యాలగూడలో. సతీష్ మనుషులనూ ఎక్కించాను. పేపర్లో పడింది. దుకాణాలు మాత్రం ఎవరూ తెరవలేదు. నేను భయపడ్డది ఏదీ జరగలేదు. లింగన్న మంచోడు, పగోళ్లను కూడా దవాఖానకు మోస్తుండు అన్నారు.

సుక్కమ్మ చచ్చిన రోజే, శవాన్ని ఆర్డీవో ఆఫీసు ముందు పెట్టి ధర్నా చేద్దామని సతీష్ ధనలక్ష్మి దగ్గరికి వచ్చాడు. ఆమె చెప్పు తీసింది. నా పక్షాన తీసింది. నేను అక్కడే ఉన్నాను, ఆపలేదు.

పదకొండో దినం. సమాధి దగ్గర చుట్టాలు ముప్పై మంది దాకా చేరారు. చచ్చిపోయినవాళ్లకు సమాధి మీద కల్లు సాక పోయాలి, తర్వాత అందరూ తలా కొంచెం తాగాలి. అది లేకుండా దినం కాదు. మూడు ఊళ్లలో కల్లు లేదు. రామనర్సయ్య నాలుగు రోజులు నాలుగు చెట్లు గీసి, వానలో తడుస్తూ చిన్న లొట్టెడు పోగు చేశాడు. నాకు అందించాడు. సంఘం పెద్దను కాబట్టి నేనే పోయాలన్నాడు.

వెనక ఒక ముసలామె ధనలక్ష్మిని అడుగుతోంది.

"గట్టి మనిషే గదనే. ఏమైందే?"

"గంజి తాపుమని అన్న జెప్పిండు పెద్దమ్మా. నేనే సక్కగ తాపలే. పండ్లు కరుసుకున్నది. నాకు భయమై ఇడిసిపెట్టిన. తాపితే లేసేది."

ఎంత నమ్మకంగా చెప్పిందంటే, ముసలామె ఆమె వీపు నిమిరి, పోనీ బిడ్డా, నువ్వేం జేస్తవ్ అంది. ధనలక్ష్మి ముందే చాలామందికి అదే చెప్పి ఉంటుంది. మిల్లులో చెప్పి ఉంటుంది. ఇక బతికినన్నాళ్లూ చెబుతుంది.

లొట్టె పట్టుకుని వెనక్కి తిరిగాను.

"గంజితోని కాదు ధనలక్ష్మీ. ఎంత తాపినా లేవకపోయేది. ఆ దినం ఆటో ఎక్కిస్తే బతికేది. డాక్టరు జెప్పిండు. నువ్వు లోపల ఉన్నప్పుడే నాకు జెప్పిండు."

ఆమె ముసలామె చేతిని పక్కకు తీసి నా దిక్కు తిరిగింది.

"గప్పుడే ఎరుకనా?"

"ఎరుకనే."

"ఇయ్యాల పదకొండో దినం."

"అవును."

"దవాఖానకు వద్దన్నది… పేపర్ల పడ్తదని."

"అవును."

ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది, నాకు తిట్లు అలవాటే. దగ్గరికి వచ్చి నా చేతుల్లోంచి లొట్టె తీసుకుంది.

"నువ్వు పొయ్యకు," అంది. "గాడికి జరుగు."

జరిగాను. ఆమె తల దిక్కు నుంచి కాళ్ల దాకా, ఒక్క చుక్క మిగల్చకుండా మట్టి మీద పోసింది. తాగడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు. రేకలు పట్టుకుని నిలబడ్డ చుట్టాలు వాటిని మెల్లగా కింద పెట్టారు. రామనర్సయ్య నా దిక్కు ఒకసారి చూసి, ఆమె దగ్గర ఖాళీ లొట్టె అడిగి తీసుకుని, దాన్ని చంకన పెట్టుకుని వానలో నడిచిపోయాడు.