పన్నెండో సీసా

ఆ శుక్రవారం డునెడిన్ నుంచి డాక్టర్ బ్రిజెట్ ఫోన్ చేసి చెప్పిన మాటకి నాకు ఒళ్లు మండిపోయింది.

"లెక్క ఒక్కరి దగ్గర తప్పిపోతోంది మిరియమా గారూ. నెలాఖరులోగా తేలకపోతే మా కమిటీ ఈ పరిశోధన ఆపేస్తుంది."

"ఆపేస్తారా? మరి నా కహు గతేంటి?"

కహు నా మనవరాలు, పదిహేనేళ్లది. దాని గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదు. మా అమ్మ ఆ జబ్బుతోనే పోయింది. నా కూతురు, అంటే కహు తల్లి, ముప్పై ఒకటో ఏట బట్టలారేస్తూ కూలిపోయింది. నా గుండెలోనూ ఆ చప్పుడుంది, నన్నింకా పడగొట్టలేదంతే. ఆస్పత్రిలో ఎప్పుడడిగినా ఒకటే పాట. చిన్నప్పుడు గొంతునొప్పి, దాంతో కీళ్లజ్వరం, దాంతో గుండెజబ్బు. మావోరీలం కదా, చెమ్మ ఇల్లు, గదికి పదిమంది, ఇంకేం కావాలి వాళ్లకి! జ్వరమే ఎరగని పిల్లకి రెండేళ్లుగా నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది పొడుస్తున్నారు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, ఇది వంశంలో వస్తున్నదని నాకు తెలుసు. తెలిస్తే చాలదు, రుజువు కావాలి. అందుకే జన్యువుల మీద పరిశోధన చేసే బ్రిజెట్‌ని వెతికి పట్టుకున్నాను. మావాళ్లు పన్నెండుమందిని బతిమాలి, బెదిరించి, సభామందిరంలో కూర్చోబెట్టి రక్తం ఇప్పించాను. వంశవృక్షం నా చేత్తోనే గీసిచ్చాను.

షరతులు పెట్టిందీ నేనే. ఈ రక్తంలో గుండె సంగతి తప్ప ఇంకేమీ చదవకూడదు. ఎవరు ఎవరికి పుట్టారన్నది అసలే వెతకకూడదు. పనయ్యాక మిగిలిన రక్తం మా మట్టికే తిరిగి రావాలి. బ్రిజెట్ అన్నిటికీ ఒప్పుకుని సంతకం పెట్టింది.

"ఏడుగురికి జబ్బుంది. ఆరుగురిలో ఒకే జన్యువులో ఒకే అక్షరం మారింది. బాగున్న ఐదుగురిలో మారలేదు," అంది బ్రిజెట్. "ఏడో మనిషి మీ తమ్ముడు తామిహానా. ఆయనలోనూ మారలేదు. అందరికంటే ముందు ఆపరేషన్ అయిన మనిషికే ఆ మార్పు లేకపోతే, జబ్బుకి అదే కారణమని నేనెలా చెప్పను?"

ఫోన్ పెట్టేసి కమిటీని నోరారా తిట్టుకున్నాను. తర్వాత నేను గీసిన వంశవృక్షం నకలు బల్లమీద పరిచాను. అమ్మ పేరు రిపేకా. దాని కింద తామిహానా. అక్కడే నా చూపు ఆగిపోయింది.

వాడు మాకు ఫాంగై బిడ్డ. మా నాన్న చెల్లెలు మోయెరా కని, మూడో రోజున మా అమ్మ చేతుల్లో పెట్టింది. ఇది రహస్యమేమీ కాదు, ఊరందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ అనరు. మాలో పెంచిన తల్లి కొడుకే కొడుకు. వంశం చదివేటప్పుడు వాడి పేరు అమ్మ పేరు వెనకే వస్తుంది, నా చెయ్యీ అలాగే రాసేసింది. జబ్బేమో అమ్మ వైపుది. వాడిలో అమ్మ రక్తం ఒక్క చుక్క లేదు.

ఇంకోటీ గుర్తొచ్చింది. వాడికి ఏడేళ్లప్పుడు చలికాలమంతా మోకాళ్లు వాచి మంచం దిగలేదు. అమ్మ రోజూ కాళ్లు పట్టేది. కీళ్లజ్వరం! ఆస్పత్రివాళ్ల పాట మా ఇంట్లో నిజమైంది వాడొక్కడికే. ఇంత నర్సునై ఉండి నా బుర్ర ఏ గడ్డి మేసిందో.

బ్రిజెట్‌కి ఈ ఒక్క ముక్క చెబితే కహు బతుకు దారిలో పడుతుంది. కాని ముందు తమ్ముడికి చెప్పాలి. వాడి ఇరవై నాలుగో ఏట ఆపరేషన్ అయిన రోజున అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, "పాలతోపాటు నా గుండె కూడా నీకొచ్చిందిరా. ఇక నువ్వు నా కొడుకువి కాదని ఎవడంటాడో చూస్తా," అంది. నలభై ఏళ్లుగా వాడు ఆ మాట పట్టుకునే ఉన్నాడు. ఏ వేడుకైనా సరే, చొక్కా గుండీలు విప్పి ఆ కుట్టు చూపించుకోనిదే ఊరుకోడు.

మర్నాడు పొద్దున్నే వాడింటికి వెళ్లాను. పడవకి రంగు వేస్తున్నాడు.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావ్? మళ్లీ ఎవరిమీద యుద్ధం?"

"నోరు మూసుకుని విను."

చెప్పేశాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. వాడు కుంచె డబ్బాలో పెట్టేశాడు.

"అయితే ఇది అమ్మది కాదన్నమాట," అన్నాడు, చొక్కా మీద చెయ్యి పెట్టుకుని.

"కాదురా."

"ఆ చలికాలం జ్వరానిదా?"

"ఊఁ."

"ఛీ, దరిద్రపు జ్వరం." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నేను చెబితే కహుకి సూదులు ఆగుతాయా?"

"ఆగొచ్చు. నువ్వొద్దంటే నేను చెప్పను."

అబద్ధం. వద్దన్నా చెప్పేదాన్నే, వాడి కాళ్లు పట్టుకుని మరీ.

"నువ్వు చెప్పడమేంటి? నా పుట్టుక నేను చెప్పుకోలేనా? ఫోన్ ఇటియ్యి."

రంగు చేతులతోనే నిలబడి, సభలో వంశం చదివినట్టు గొంతెత్తి బ్రిజెట్‌కి చెప్పాడు. కన్నతల్లి మోయెరా, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి, అన్నీ తడుముకోకుండా చదివాడు. "పెంచిన తల్లి రిపేకా" అన్నచోట మళ్లీ చొక్కా మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏడాది పట్టింది. బ్రిజెట్ మా అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లల్ని కూడా పరీక్షించింది. జబ్బున్న ప్రతివాళ్లలోనూ ఆ అక్షరం దొరికింది. ఆస్పత్రివాళ్లు కహుకి సూదులు మానేశారు. కవాటం పూర్తిగా పాడవకముందే సరిచెయ్యడానికి ఆక్లండ్‌లో తేదీ ఇచ్చారు. పిల్లకి భయమే, నాకూ భయమే. కాని ఈసారి దేనితో తలపడుతున్నామో మాకు తెలుసు.

మొన్న, మొదట ఇచ్చిన పన్నెండుమంది రక్తంలో మిగిలింది తిరిగొచ్చింది. పదకొండు సీసాలు ఒక పెట్టెలో, లెక్కలోంచి తీసేసిన తామిహానాది విడిగా ఒక చిన్న సంచిలో. అమ్మ సమాధి పక్కన కహు గుంట తవ్వి పదకొండూ పేర్చింది. ఎప్పుడూ ముందుండి ప్రార్థన చేసే తామిహానా, ఆరోజు తన సీసా జేబులో వేసుకుని శ్మశానం గేటు దగ్గరే నిలబడ్డాడు. దాన్ని మోయెరా ఊరికి తీసుకెళ్తాడట.

"తాతా!" కహు పార ఆనించి అరిచింది. "అక్కడేం చేస్తున్నావ్? నీది పెట్టకుండానే పూడ్చెయ్యమంటావా?"

"నాది వేరే రక్తమమ్మా."

"రక్తం సంగతి బ్రిజెట్ చూసుకుంటుంది. నాకిక్కడ పన్నెండు కావాలి. వస్తావా, నేనే వచ్చి లాక్కోనా?"

అచ్చం నా నోరే దానికీ వచ్చింది. తామిహానా వచ్చాడు. నా భుజం పట్టుకుని, కష్టంగా వంగి, తన సీసాని అమ్మ వైపున, అన్నిటికంటే దగ్గరగా పెట్టాడు. కహు మట్టి వేస్తుంటే వాడు బావురుమన్నాడు, నేనూ ఏడ్చాను. గేటు దగ్గర నీళ్లతో చేతులు కడుక్కునేటప్పుడు కూడా వాడు నా భుజం వదల్లేదు.