ఊయల జబ్దిక్

బావగారు అతిథుల గుడారం ముందు ఒక చెక్క పలక పాతించారు. దాని మీద ఎర్రరంగుతో ‘జబ్దిక్’ అని పెద్ద అక్షరాలు, కింద మూడు పరాయి భాషల్లో దాని అర్థం. లోపల మామగారి పాత జీను, చిరిగిన కళ్ళెం, ఎండిపోయిన తోలుతిత్తి. వాటి మధ్య నా బిడ్డ ఊయల.

నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. పిల్లవాడు మేలుకుని ఉన్నంతసేపూ అది ఊరికే పడి ఉంటుంది కదా, సోన్‌కుల్ సరస్సు చూడవచ్చినవాళ్ళు చూసి పోతారు అని బావగారు అత్తమ్మ చేత చెప్పించారు. అత్తమ్మ చెప్పాక చిన్నకోడలు కాదనేదేముంది? ఎవరినీ ఊపనివ్వొద్దని మాత్రం మరీ మరీ చెప్పాను. ఖాళీ ఊయల ఊపితే ఆ బిడ్డకు కీడు. ఇది ఇక్కడ ఎవరికీ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

జబ్దిక్ అంటే పాత సామాను అని ఎవరు చెప్పారో ఆయనకు! గుర్రానికి చలి తగలకుండా కప్పే గుడ్డ పేరులోంచి ఆ మాట పుట్టిందని మా అమ్మ అనేది. తర్వాత జీను, కళ్ళెం, కడుపు పట్టీ, గుర్రం బయలుదేరడానికి కావలసినవన్నీ ఆ మాటలోకి వచ్చి చేరాయి. ఆ తర్వాత గుడారానికీ, ఊయలకూ వచ్చింది. పనికి సిద్ధంగా ఉన్నదే జబ్దిక్. కడుపు పట్టీ ఒక్కటి లేకపోతే వెండి జీను వేసినా ఆ గుర్రం ఎక్కలేం.

బిడ్డ పుట్టగానే ఊయల జబ్దిక్ మా అమ్మే తెచ్చింది. పరుపు, చేతుల పట్టీ, కాళ్ళ పట్టీ, పైకప్పు దుప్పటి, ఒక కొయ్య గొట్టం. బిడ్డను పట్టీలతో కట్టి పడుకోబెట్టాక ఉచ్చ ఆ గొట్టంలోంచి కింది కుండలోకి పోతుంది. పక్క తడవదు. ఈ కొండ పచ్చికల మీద వేసవిలో కూడా తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. వసంతంలో నా బెక్‌తుర్‌కు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఒళ్ళు తడిగా ఉండనివ్వొద్దని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. అప్పటి నుంచి వాడు దగ్గితే చాలు, లేచి పక్క తడిమి చూస్తాను.

ఆ రోజు మధ్యాహ్నం వాడికి నిద్ర ముంచుకొస్తోంది. ఊయల తెచ్చుకుందామని వెళితే ఎవరో అతిథి కాలి బొటనవేలితో దాన్ని ఊపుతూ ఫొటో తీసుకుంటోంది.  రెండు చేతులతో ఊయలను పట్టి ఆపాను. పట్టీలు సర్దబోతే గొట్టం లేదు. పరుపు ఎత్తి చూశాను, దుప్పటి దులిపాను. ఎక్కడా లేదు.

తోటికోడలు కలిపక్క బయట పొయ్యి దగ్గర నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తోంది. అడగగానే పకపకా నవ్వింది. పొద్దున సరస్సు అవతలి గుడారాలకు వెళ్ళిన గడ్డపాయన దాన్ని పొగ తాగే గొట్టం అనుకున్నాడట. నోట్లో పెట్టుకుని ఫొటో దిగాడట. చాలా బాగుందంటే బావగారు కానుకగా ఇచ్చేశారట.

“చెప్పలేదా, అక్కా, అదేమిటో?”

“ఎలా చెప్తామే? అప్పటికే నోట్లో పెట్టేసుకున్నాడు. మీ బావ అయితే ఆ తోలుతిత్తి వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వారు.”

బావగారు గుర్రాలకు నీళ్ళు పెట్టి అప్పుడే వస్తున్నారు. నేను ఎదురెళ్ళాను. అడిగాను. ఆయన నవ్వుతూనే ఉన్నారు. వేలెడు కొయ్యముక్కకు ఇంత గోలా, బజారులో బుట్టలకు బుట్టలు దొరుకుతాయి, వారంలో కిందికి వెళ్ళినప్పుడు తెస్తాలే అన్నారు. అంతదాకా గుడ్డలు చుట్టుకోమన్నారు.

వారం. తడిగుడ్డల్లో వారం.

“తోక్తోసున్,” అన్నాను.

కలిపక్క చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. అత్తమ్మ గుడారంలోంచి తల బయటపెట్టింది. భర్త అన్నగారి పేరు కోడలి నోట రాకూడదు. నా నోట ఇన్నాళ్ళూ రాలేదు.

“తోక్తోసున్, గుర్రం ఎక్కు. సరస్సు అవతల గుడారాల్లో ఉన్నాడు ఆ మనిషి. వెళ్ళి పట్టుకురా. అదేమిటో కూడా చెప్పు.”

అత్తమ్మ గుమ్మం దాటి వచ్చింది. వంగి నమస్కరించి తప్పు ఒప్పుకోమంది. నా కొడుకు పొడిపక్క మీద నిద్రపోయాక వంగుతాను అత్తమ్మా, అన్నాను. ఆవిడ నా వంక చూసింది, నా చంకలో పిల్లవాడి వంక చూసింది. ఏమనుకుందో, పెద్దకొడుకు వైపు తిరిగి వెళ్ళమన్నట్టు గడ్డం ఊపింది.

పొద్దు వాలేవేళకు ఆయన తిరిగొచ్చారు. గొట్టం నా చేతిలో పెట్టారు. లోపలంతా నల్లగా కాలిపోయింది. పొగాకు కంపు. బిడ్డ ఒంటికి తగిలే చోటు, మా అమ్మ గొర్రె కొవ్వు రాసి నున్నగా చేసిన చోటు, బీటలు తీసింది.

“తెమ్మన్నావు, తెచ్చాను,” అన్నారు.

“దీన్ని నీ పలక కింద పెట్టుకో. పాత సామాను కింద పనికొస్తుంది,” అన్నాను.

ఊయలను నేనే మోసుకుని మా గుడారానికి తెచ్చుకున్నాను.  మా ఆయన బురుసు పొద కొమ్మ ఒకటి కోసుకొచ్చి గుమ్మంలో కూర్చుని కొత్త గొట్టం చెక్కడం మొదలుపెట్టాడు. నేను ఎవరికీ వంగలేదు. బెక్‌తుర్ నా ఒళ్ళో నిద్రపోయాడు. నా పావడా తడిసింది. వాడి వీపు కింద చెయ్యి పెట్టి చూస్తూ, వాడి గుడ్డ మార్చాను, మళ్ళీ మార్చాను.